రాళ్ళు ఎక్కే విమానం

"సియూరాక్‌కి ఒక టికెట్ ఇయ్యమ్మా," అంది ఊవిలూక్ కౌంటరు మీద రెండు మోచేతులూ ఆనించి, ఎవరో పరాయి ఆడమనిషిని అడుగుతున్నట్టు.

ఆర్నా వెంటనే తలెత్తలేదు. దక్షిణాదికి పోయే విమానం సామాన్లకి చీటీలు కడుతోంది. దారం ముడి పళ్ళతో బిగించి, పెట్టెని త్రాసు మీంచి బల్ల మీదికి తోసి, అప్పుడు చూసింది.

"అమ్మా, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. వెనకాల జనం ఉన్నారు."

"వాళ్ళూ టికెట్ కోసమే నిలబడ్డారు. నేనూ అందుకే నిలబడ్డాను. తప్పేముందమ్మా?"

ఇద్దరూ ఒకరినొకరు అమ్మా అనే పిలుచుకుంటారు. కడుపున పుట్టిన పిల్లకి ఊవిలూక్ తన తల్లి పేరు పెట్టుకుంది. పేరు ఎవరిదైతే మనిషీ వాళ్ళే కాబట్టి, ఆర్నా పొత్తిళ్ళలో ఉన్నప్పట్నించే ఆ ఇంటికి తల్లి. మేనమామ కవ్విక్ జుట్టు నెరిశాక కూడా ఎడమ కనుబొమ్మ ఒక్కటీ ఎగరేసి ఈ పిల్లని "అమ్మా, కాస్త టీ పెట్టవే" అనేవాడు. ఉత్తరాన మంచుసముద్రం ఒడ్డునున్న ఈ నూవుక్‌లో ఇది ఎవరికీ వింత కాదు. కొత్తగా వచ్చిన నర్సులే కొన్నాళ్ళు తికమకపడతారు.

"సియూరాక్ ఎందుకిప్పుడు?" అంది ఆర్నా గొంతు తగ్గించి.

"మా అన్న వచ్చాడు."

వరసలోవాళ్ళు మెడలు చాచి విన్నారు. కవ్విక్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

"హిలా ఫోన్ చేసింది. పిల్లకి అన్న పేరు పెట్టారట." హిలా ఊవిలూక్ చెల్లెలి కూతురు. సియూరాక్‌లో ఉంటుంది. నెల కిందట ఆడపిల్లని కంది. "కల్లోకొచ్చాడట. భుజాల మీద మంచు దులుపుకోకుండానే గుమ్మంలో నిలబడి, మంచినీళ్ళియ్యవే అన్నాడట. పోయినవాళ్ళు కల్లోకొచ్చి నీళ్ళడిగారంటే ఇంకేంటి, పేరు పెట్టమనేగా. ఆడపిల్లయితేనేం. రావాలనుకున్నాడు, వచ్చాడు. నేను వెళ్ళి చూడొద్దూ?"

"మంచి కబురు," అంది వెనకనించి ఎవరో.

ఆర్నా కంప్యూటర్ వైపు తిరిగింది. ఏం కనిపిస్తుందో తెలిసినా మీటలు నొక్కింది. తల్లికి చూపించడానికి అదొకటే ఉంది మరి.

"ముందు యెల్లోనైఫ్ వెళ్ళాలి. అక్కడ పడుకోవాలి. మర్నాడు వేరే కంపెనీ విమానం. అది మధ్యలో రెండు ఊళ్ళలో దిగుతుంది. వాతావరణం బాగుంటే మూడోనాటికి సియూరాక్. కానీ ఆ రెండో విమానం ఈ నెలంతా నిండిపోయింది."

"సియూరాక్ ఎటుంది?"

"అమ్మా..."

"ఎటుందో చెప్పు."

ఆర్నా గడ్డంతో తూర్పు కిటికీ వైపు చూపించింది. బయట ఏప్రిల్ ఎండ, గడ్డకట్టిన సముద్రం, దాని మీద పొగలా పాకుతున్న మంచు.

"మరి నన్ను అటు పంపుతానంటావేం?" ఊవిలూక్ దక్షిణం గోడ వైపు బొటనవేలు తిప్పింది.

"దారి అదే మరి."

"అది దారి కాదు. మా నాన్న కుక్కలబండి మీద తీసుకెళ్ళినప్పుడు అయిదు నిద్రల్లో వెళ్ళాం. దారంటే అది. నా తుంటి ఇలా అయిపోబట్టి గానీ, నిన్నడిగేదాన్నా?" కౌంటరు మీంచి చేతులు తీసేసి చేతితొడుగులు వేసుకుంది. "యెల్లోనైఫ్ మీదుగా నేను వెళ్ళను. అన్న వైద్యానికని అటే వెళ్ళాడు."

వరసలోవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఆవిడ కుంటుకుంటూ వెళ్ళిపోయింది. ఆర్నా తర్వాత మనిషి చేతిలోంచి సంచీ అందుకుని త్రాసు మీద పెట్టింది. అంకె చూసింది గానీ రాయడానికి మళ్ళీ చూడాల్సివచ్చింది.

*

నూవుక్ విమానాశ్రయంలో ఆర్నా చెయ్యని పని తక్కువ. టికెట్టూ తనే, త్రాసూ తనే, రేడియోలో పైలట్లకి గాలీ మబ్బూ చెప్పేదీ తనే. పెద్ద విమానం దక్షిణం నించి వచ్చి దక్షిణానికే పోతుంది. అది కాక, ఈ చలికాలం నించి ఇంకొకటి వస్తోంది. రెండింజన్ల చిన్నది, చక్రాల కింద మంచు మీద జారే స్కీ బద్దలున్నది. సియూరాక్ పక్కన కొండల్లో భూమికి బొక్కలు వేసి లోపలేముందో చూస్తున్న కంపెనీది. ఆ బొక్కల్లోంచి తీసిన రాళ్ళు తెస్తుంది. ఆ రాళ్ళు ఇక్కడ పెద్ద విమానంలోకి మారి ఎక్కడో ప్రయోగశాలకి పోతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఇంధనం పీపాలూ, బంగాళాదుంపలూ పట్టుకెళ్తుంది.

బుధవారం పొద్దున్న అది దిగేసరికి ఊవిలూక్ రొట్టె మూటతో హాజరైంది. కూతురికి తిండి తెచ్చానంది. కానీ మూట బెంచీ మీద పడేసి, తలుపు తీసుకుని చలిలోకి వెళ్ళిపోయింది.

పైలట్ కెండల్ రాళ్ళ పెట్టెలు దింపుతున్నాడు. పొడుగాటి చెక్క పళ్ళేలు. ఒక్కోదాంట్లో వరసగా, చేతికర్ర మందాన గుండ్రంగా కోసిన రాతి ముక్కలు. ఆర్నా ఇటు చివర పట్టుకుంటే కెండల్ అటు చివర పట్టుకుని బండి మీదికి చేరుస్తున్నారు. ఊవిలూక్ చేతితొడుగు తీసి ఒక ముక్కని వేలితో నిమిరింది.

"నున్నగా ఉంది. ఎక్కడిది?"

"సియూరాక్ దగ్గరదమ్మా. చెయ్యి గడ్డకడుతుంది, తొడుగు వేసుకో."

"ఎప్పుడు బయల్దేరింది?"

"ఇందాకే. గంటయిందేమో."

ఊవిలూక్ ఆ రాతివైపు చూస్తూ నిలబడింది. గాలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే మణికట్టుతో తుడుచుకుంది.

"గంటలో వచ్చిందా," అంది. "చూడు, దీనికి యెల్లోనైఫ్‌లో పడుకోవాల్సిన అవసరం లేకపోయింది."

కెండల్‌కి వాళ్ళ భాష రాదు. అయినా ఆవిడ ముఖం చూసి నవ్వాడు. ఊవిలూక్ తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడబలుక్కుని అతని ఛాతీ మీద వేలు పెట్టింది. "నువ్వు. సియూరాక్. నేను కూడా."

అతను ఆర్నా వైపు చూశాడు. అతని వెనక తలుపు తెరిచే ఉంది. లోపల నాలుగు సీట్లు గోడకి మడిచిపెట్టి ఉన్నాయి.

"కుదరదు," అంది ఆర్నా. అతను నోరు తెరవకముందే అంది. "ఇది కంపెనీ విమానం. కంపెనీలో పనిచేసేవాళ్ళనే ఎక్కించాలి. రూలది."

ఊవిలూక్ కూతురి వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. చర్మం కొనేముందు ఎక్కడైనా చిల్లుందా అని ఎండకెత్తి చూస్తుంది చూడు, అలా చూసింది.

లోపలికి వచ్చేసరికి బెంచీ మీద ఇక్‌పాక్ తాత రొట్టె మూట విప్పి తింటున్నాడు. రోజూ వచ్చి వెచ్చగా కూర్చుని విమానాలు చూసి పోవడం ఆయన ఉద్యోగం.

"ఏమంది నీ కూతురు?"

"నేను రాయిని కాదంది."

"నయమే. నా చేపల్నే ఎక్కనివ్వలేదు పోయిన నెల. మా పిల్లకి సియూరాక్‌కి నాలుగు ఎండుచేపలు పంపుదామంటే, తాతా రూలు అంది. చేపకే లేని దారి నీకెక్కడిది?"

"నా రొట్టె తింటూ నన్నే అంటున్నావా?"

"బాగుందిలే రొట్టె. ఉప్పు తగ్గింది."

ఇద్దరూ నవ్వారు. ఆర్నా కౌంటరు వెనక నిలబడి కాయితాలు సర్దుతున్నట్టు నటించింది.

*

జనం వెళ్ళిపోయాక గది ఖాళీ అయింది. గోడకి విమాన కంపెనీ పటం వేలాడుతోంది. ఆర్నా దాన్ని ఏళ్ళ తరబడి చూస్తోంది గానీ, దాని ముందు నిలబడి చూసింది లేదు. యెల్లోనైఫ్ దగ్గర ఒక ఎర్ర చుక్క. అక్కణ్ణించి ఎర్ర గీతలు చేతి వేళ్ళలా విచ్చుకుని పైకి పోతున్నాయి. ఒక వేలి కొసన నూవుక్. ఇంకో వేలి కొసన సియూరాక్. వేళ్ళ మధ్య ఖాళీ నీలం, తెలుపు. అక్కడ ఏ గీతా లేదు.

సామాన్లు కట్టే దారం కొంచెం తెంపింది. నూవుక్ మీద ఒక కొస పెట్టి సియూరాక్ దాకా లాగింది. బెత్తెడు. ఇంకో పోగు తెంపి, నూవుక్ నించి కిందికి యెల్లోనైఫ్ దాకా, అక్కణ్ణించి మళ్ళీ పైకి సియూరాక్ దాకా లాగింది. అది మూరెడు వచ్చింది. రెండు పోగులూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూసింది. నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది.

తను యెల్లోనైఫ్ ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. అంతకంటే కింద, పెద్ద నగరంలో అంగళ్ళ మధ్య తిరిగింది. అక్కడ ఏ మూల ఏ చెప్పుల దుకాణముందో చెప్పగలదు. పక్కనున్న సియూరాక్ ఎప్పుడూ చూడలేదు. తమ కిటికీలోంచి కనిపించే ఆ మంచుకి అవతల ఏముంటుందో తెలీదు. ఎందుకు తెలుసుకోలేదా అని ఆలోచిస్తే, అటు టికెట్ లేదు గనక, అన్న జవాబే వచ్చింది. టికెట్ లేనిచోటు ఉన్నట్టే అనిపించలేదన్నమాట ఇన్నాళ్ళూ.

ఆవేళ ఇంజనుకి ఏదో నలత చేసి, విడిభాగం కోసం కెండల్ ఊళ్ళోనే ఆగిపోయాడు. మధ్యాహ్నం టీకి వస్తే అడిగింది.

"మధ్యలో ఏముంటుంది?"

"దేని మధ్యలో?"

"ఇక్కడికీ సియూరాక్‌కీ."

అతను కప్పు రెండు చేతులతో పట్టుకుని ఆలోచించాడు. ఎవరూ అడగని ప్రశ్నలా ఉంది అతనికి. "మొదట అంతా చదును. తర్వాత మంచు విరిగి గోడల్లా లేచిన చోటొకటి. దాటాక ఒక దీవి. పడుకున్న సీలు జంతువులా ఉంటుంది, తల పడమర. దాని మీద ఎవరో రాళ్ళు పేర్చి మనిషి ఆకారం నిలబెట్టారు. పాతది. ఎలుగుబంటి అడుగులు కనిపిస్తాయి, చాలాసార్లు. కిందికి దిగి ఎగిరితే స్నోమొబైల్ బళ్ళ జాడలు కూడా."

"రాళ్ళు పేర్చిందెవరు?"

"నాకేం తెలుసు? మీవాళ్ళే ఎవరో అయుంటారు."

ఆర్నా కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేసింది. దక్షిణాదిలో ఎక్కడో ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. సీట్లు ఖాళీగా ఉన్నమాట నిజమేనంది. బయటివాళ్ళకి బీమా వర్తించదంది. మీ అమ్మగారి పరిస్థితి అర్థమైందంది. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగింది. ఆర్నా థాంక్స్ చెప్పి పెట్టేసింది. తను ఇక్‌పాక్ తాతతో మాట్లాడిన గొంతు కూడా అచ్చం అదే.

*

ఇంట్లో ఊవిలూక్ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని బూట్లు కుడుతోంది. చిన్నవి, బొటనవేలంత. సీలు చర్మం అంచుని ముందు పళ్ళతో నమిలి మెత్తబరచి, ముడత ముడతకీ సూది గుచ్చి, నరం దారం లాగి, నోటి దగ్గర పెట్టుకుని ముడి కొరుకుతోంది. ముడతలన్నీ ఒక్క తీరుగా పడితేనే నీళ్ళు దిగవు. ఒకటి వంకరొచ్చిందని మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది.

"అవి పోస్టులో పంపొచ్చమ్మా," అంది ఆర్నా.

"అదీ యెల్లోనైఫ్ మీదుగానేగా పోయేది."

ఆర్నా గడ్డకట్టిన చేప తెచ్చి అట్టముక్క మీద పెట్టి పొరలు పొరలుగా కోసింది. ఇద్దరూ తిన్నారు. తిన్నాక ఊవిలూక్ చేతులు తుడుచుకుని, సూదుల సంచీ చంకన పెట్టుకుని, హోటల్ దాకా వెళ్ళొస్తానంది.

"హోటల్లో ఏం పని నీకు?"

"ఎర్రగడ్డం వచ్చాడుగా."

ఎర్రగడ్డం అంటే ఆ రాళ్ళ కంపెనీ శిబిరం చూసే పెద్దమనిషి. అసలు పేరు హాల్వర్‌సన్. ఊళ్ళో ఆ పేరు ఎవరి నోరూ తిరగదు. కెండల్‌తో పాటే వచ్చి ఇరుక్కుపోయాడు.

"అమ్మా, ఆయన్ని బతిమాలొద్దు. నాకు తలవంపులు."

"బతిమాలడమా? నేనా?" అంది ఊవిలూక్ బూట్లు తొడుక్కుంటూ.

శుక్రవారానికి విడిభాగం వచ్చింది. ఇంజను బాగుపడింది. ఆర్నా పీపాలు తూచి, బంగాళాదుంపల బస్తాలు తూచి, అంకెలు కెండల్‌కి చెబుతుంటే ఎర్రగడ్డం లోపలికొచ్చాడు. మెడదాకా బిగించిన కోటు. నిన్నటిదాకా దాని జిప్పు ఊడిపోయి, నడుముకి తాడు కట్టుకు తిరిగిన మనిషి.

"మా కొత్త ఉద్యోగిని కూడా తూచాలి," అన్నాడు వెనక్కి చూస్తూ.

వెనకాల ఊవిలూక్. చేతిలో సూదుల సంచీ, భుజాన దుప్పటి మూట. ముఖం గంభీరంగా పెట్టింది గానీ కళ్ళు నిలవడంలేదు.

"ఏంటమ్మా ఇది?"

"వంట గుడారం గాలికి ఇంత మేర చిరిగిందట." రెండు చేతులూ చాచి చూపించింది. "టేపులు అంటిస్తున్నారట, తెలివి లేనివాళ్ళు. ఈ చలికి టేపు నిలుస్తుందా? ఆయన కోటు జిప్పు కుట్టిచ్చాను. కుట్టు చూసి, గుడారం కూడా కుట్టగలవా అని హోటల్ అమ్మాయి చేత అడిగించాడు. నేను బతిమాల్లేదు. ఆయనే అడిగాడు."

"సంతకం కూడా పెట్టింది," అన్నాడు ఎర్రగడ్డం సంబరంగా. "స్థానికుల్ని పనిలో పెట్టుకోండని ప్రభుత్వం మా ప్రాణం తీస్తోంది. ఇన్నాళ్ళూ ఒక్కరూ రాలేదు."

ఆర్నాకి తల్లి తుంటి గుర్తొచ్చింది, శిబిరంలో చలి గుర్తొచ్చింది. ఆ రెండూ సాకులేనని కూడా తెలిసింది. తన రూలుని తల్లి ఎక్కడా తెంపలేదు. సూది గుచ్చినట్టు దాని మధ్యలోంచి దూరి అవతలికి తేలింది.

"త్రాసెక్కు," అంది.

ఊవిలూక్ ఎక్కింది. కర్ర కూడా తీసుకునే ఎక్కింది. "ఇప్పుడు నేను రాయితో సమానమేనా అమ్మా?"

"రాళ్ళు ఇంత మాట్లాడవు. కర్ర కింద పెట్టు."

బెంచీ మీద ఇక్‌పాక్ తాత పడీ పడీ నవ్వుతున్నాడు. ఆర్నా అంకె రాసుకుని కలం కింద పెట్టింది. కిటికీలోంచి విమానం వైపు చూసింది. తర్వాత తాత వైపు తిరిగింది.

"తాతా, మీ చేపలు ఇంట్లోనే ఉన్నాయా?"

నవ్వు ఆగిపోయింది. "ఉన్నాయి. ఎందుకు?"

"పట్రా. త్వరగా."

"రూలో?"

"మా అమ్మకి దారి బత్తెం. ఉద్యోగి తిండి ఉద్యోగితో వెళ్ళొచ్చు. ఎంత తింటుందన్నది ఆవిడిష్టం."

కెండల్ గడియారం చూసుకుని, గడియారం చూడనట్టు బూటు దారాలు విప్పి మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. తాత అంత వేగంగా నడవడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

ఆర్నా తనే తల్లిని మెట్లెక్కించింది. సీటు బెల్టు బిగించింది. దుప్పటి మోకాళ్ళ మీద కప్పింది. ఊవిలూక్ అప్పటికే కిటికీకి ముక్కు ఆనించేసింది.

విమానం మంచు రేపుకుంటూ పోయి లేచింది. రోజూ మనుషుల్ని తీసుకుపోయే విమానాలు లేవగానే కుడికి, దక్షిణానికి వంగుతాయి. ఇది ఎడమ రెక్క వంచి తూర్పుకి తిరిగింది. అది కంటికి ఆనకుండా పోయేదాకా ఆర్నా రన్‌వే పక్కనే నిలబడిపోయింది. చేతిలో త్రాసు కాయితం గాలికి టపటపా కొట్టుకుంటోంది.

*

శనివారం మంచు తుపాను వచ్చింది. ఇళ్ళ మధ్య తాళ్ళు పట్టుకు నడవాల్సినంత. ఆర్నా రేడియో ముందు కూర్చుని "కనుచూపు లేదు" అని గంటగంటకీ అదే మాట చెప్పింది. ఫోన్లో తల్లి దొరికింది గానీ నిలవలేదు.

"బాగున్నావా? పిల్లని చూశావా?"

"చూశాను. మాట్లాడ్డానికి తీరిక లేదమ్మా, గుడారం చాలా పెద్దది."

"ఎవరిలా ఉంది?"

"వచ్చాక చెబుతా." పెట్టేసింది.

మంగళవారం ఆకాశం తేటపడింది. రేడియోలో కెండల్ గొంతు గరగరలాడింది. దీవి దాటాను, గాలెలా ఉంది, అన్నాడు. ఆర్నా చెప్పింది. దీవి అనగానే ఆమెకి పడమర తల పెట్టి పడుకున్న సీలు కళ్ళ ముందు కదిలింది.

"ఎందరున్నారు?"

"నేను కాక ముగ్గురు. అందరూ సిబ్బందే," అన్నాడు. గొంతులో ఏదో నవ్వు దాచుకున్నట్టుంది.

విమానం దిగి ఆగాక దాని తలుపు తెరుచుకుంది. మొదట కర్ర, వెనకాల ఊవిలూక్. ఆ వెనక ఒక ఆడమనిషి జాగ్రత్తగా, వెనక్కి తిరిగి మెట్లు దిగుతోంది. పిల్లని మోసేందుకు వీపున పెద్ద టోపీ ఉన్న కోటు. ఆ టోపీలో పిడికెడంత ముఖం, ఉన్ని టోపీ కింద రెండు నల్లటి కళ్ళు.

"హిలా?"

"గుడారాల మరమ్మతు, సహాయకురాలు," అంది హిలా తన మెడలో వేలాడుతున్న కంపెనీ అట్ట చూపించి. నవ్వాపుకోలేక వంగిపోయింది. "పెద్దమ్మ నాచేతే చెప్పించింది ఎర్రగడ్డానికి, అంత చిరుగు ఒక్కదాని వల్ల కాదని. పాలు తాగే పిల్లని నేను వదిలి రాలేననీ చెప్పించింది. ఆయన ఇద్దరు స్థానికులు, ఇద్దరు స్థానికులు అని మురిసిపోయాడు. కుట్టవలసిన ఇంకో గుడారం ఇక్కడ మీ గోదాములో ఉందటగా? అందుకొచ్చాం. శుక్రవారం మళ్ళీ పోతాం."

"గోదాములో గుడారం ఉన్నమాట నిజమే," అంది ఆర్నా అయోమయంగా. "దానికి చిరుగెక్కడుంది?"

"ఉంటుందిలే, వెతుకుదాం," అంది ఊవిలూక్.

లోపలికొచ్చి తలుపేశారు. స్టవ్ పక్కన హిలా కోటు ముందుకి వంచి, భుజం మీంచి పిల్లని తీసింది. ఆర్నా కెటిల్ కోసం కౌంటరు వెనక్కి వెళ్ళబోయింది. కెటిల్, కప్పులు, రొట్టె, సామాన్ల చీటీలు, కెండల్ వెళ్ళే లోపు కొత్త వాతావరణం. చేతినిండా పనులున్నాయి.

"ఆగవే," అంది ఊవిలూక్. "ఇటు రా."

"టీ పెట్టి వస్తానమ్మా. నువ్వు చూడు తనివితీరా. దీని కోసమేగా ఇంత తిప్పలు పడ్డావు."

"నా కోసమా?" ఊవిలూక్ బెంచీ మీద మెల్లగా కూర్చుంది. "నేను శుక్రవారమే చూశాను. ఆ పూటే చూసి, రాత్రికి పక్కన పడుకుని, మర్నాటికి నా తనివి తీరిపోయింది. అక్కడే ఉండిపోయినా సరిపోయేది. అన్నని ఇక్కడికెందుకు తెచ్చానో తెలుసా?"

ఆర్నా కౌంటరు మీద చీటీలు సర్దింది.

"వాడు వాళ్ళమ్మని చూడొద్దూ?"

కోట్ల మీంచి రాలిన మంచు స్టవ్ మీద చిటచిటలాడింది.

"వాణ్ణి దక్షిణానికి ఎక్కించింది నువ్వే," అంది ఊవిలూక్. మెల్లగా, కుట్టు లెక్కపెట్టుకుంటున్నట్టు అంది. "పెట్టెలో వస్తే దింపుకుందీ నువ్వే. పాతిపెట్టిన రోజు కూడా విమానం ఉందని వచ్చేశావు. ఆ తర్వాత ఒక్కపూట కూర్చోలేదు నువ్వు. ఇంట్లో వాడి పేరు ఎత్తితే లేచిపోతావు. నేను చూడ్డంలేదనుకున్నావా? చలికాలమంతా చూశాను. వాడి పేరు పెట్టారని హిలా ఫోన్ చెయ్యగానే నాకు ముందు తోచిందదే, తల్లి దగ్గరికి తేవాలని."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే కంప్యూటర్ చూసి, సీట్లు లేవందువు."

హిలా నవ్వలేదు. పిల్లని రెండు చేతుల్లో పట్టుకుని దగ్గరికొచ్చింది. "తీసుకో అక్కా."

ఆర్నా చేతులు కోటుకి తుడుచుకుంది. పెట్టెలు ఎలా ఎత్తాలో ఆ చేతులకి తెలుసు. ఇది తెలీదు. పిల్ల తల కింద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా, పాలవాసన. పిల్ల ఆమె ముఖం కేసి నిదానంగా చూసింది. చూసి చూసి, ఎడమ కనుబొమ్మ ఒక్కటీ పైకెత్తింది.

"అమ్మా!" అంది ఆర్నా.

"చూశావుగా," అంది ఊవిలూక్. "నేను చెబితే నమ్మేదానివి కాదు."

ఆర్నా అక్కడే, తూకం సామాన్లు పెట్టే బల్ల మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. శబ్దం లేకుండా, ఆపే ప్రయత్నం లేకుండా. కన్నీళ్ళు పిల్ల దుప్పటి మీద పడుతుంటే ఊవిలూక్ వచ్చి తుడవలేదు, ఊరుకోమనలేదు. కెటిల్ తనే తీసి స్టవ్ మీద పెట్టింది. ఇక్‌పాక్ తాత లేచి టోపీ పెట్టుకుని, బయట చలి ఎలా ఉందో చూసొస్తానని చెప్పి వెళ్ళాడు.

కాసేపటికి రేడియో గరగరలాడింది. కెండల్ రాళ్ళు దింపేసి, పీపాలెక్కించుకుని, రన్‌వే చివర నిలబడి ఉన్నాడు.

"నూవుక్, బయల్దేరుతున్నాను. గాలి చెప్పు."

ఆర్నా లేచింది. పిల్లని హిలాకి ఇవ్వబోయి, ఇవ్వలేదు. భుజాన వేసుకునే వెళ్ళి, ఒంటిచేత్తో మైకు అందుకుంది. కిటికీ అద్దంలోంచి గాలి దిక్కు చూపే గాలిసంచీ చూసింది. నోరు తెరిచేలోపు, చెవి పక్కన పిల్ల ఒక్కసారిగా గుక్కపెట్టింది. గొంతు చిన్నదే గానీ గట్టిది. మైకు మీట నొక్కే ఉంది.

రేడియో మళ్ళీ గరగరలాడింది.

"నూవుక్, ఎవరది ఏడుస్తోంది?"

ఆర్నా ముక్కు ఎగబీల్చింది. పిల్ల వీపు మీద నెమ్మదిగా తట్టింది.

"మా అబ్బాయి," అంది. "గాలి వాయవ్యం నించి, తక్కువగానే ఉంది. తూర్పంతా తేటగా ఉంది. వెళ్ళిరా."